పదిహేడో పేజీ

భవనాల శాఖలో నివేదికలు తయారుచేసే విభాగానికి ఆవిడే పెద్ద. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎదురుపడితే అందరూ మేడమ్ అనేవారు, పక్కకు తిరిగితే మార్జిన్ మేడమ్ అనేవారు. ప్రింటు తీసిన ప్రతి కాగితం మీదా స్కేలు పెట్టి కొలిచేది. ఎడమ పక్క ఒక్క పిసరు తగ్గినా వెనక్కి పంపేది. ఆ పేరు సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల కాస్త గర్వపడేది కూడా.

ఆవిడ తమ్ముడు అదే శాఖలో ఇంజనీరు. అక్కకంటే ఆరేళ్లు చిన్న. పాత ప్రభుత్వ భవనాలు తిరిగి గోడల్లో, కప్పుల్లో వచ్చిన పగుళ్లు కొలవడం అతని పని. పగులుకు అడ్డంగా చిన్న గాజు పలక అతికించి, నెలనెలా వెళ్లి చూసి, ఎంత విచ్చుకుందో రాసుకొచ్చేవాడు. "మీవాడు మనింటికొస్తే మనుషులకంటే ముందు గోడల్ని పలకరిస్తాడే" అని బావ ఆటపట్టించేవాడు. నిజమే. కుర్చీలో కూర్చునేలోపే అతని కళ్లు కప్పు నాలుగు మూలలా తిరిగి వచ్చేవి.

చిన్నప్పుడు అమ్మ ఉద్యోగానికి వెళ్లిపోతే తమ్ముడికి తల దువ్వి, చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లింది అక్కే. పలక మీద అతని చేత మొదటి అక్షరం దిద్దించిందీ అక్కే. పెద్దయ్యాక ఒకే ఆఫీసులో పడ్డారు. అతను కింది అంతస్తులో, ఆవిడ మూడో అంతస్తులో.

తమ్ముడి షీట్లన్నీ వెడల్పుగా ఉండేవి. ఒక్కో పగులుకు పదిహేను, పదహారు గళ్లు. నివేదిక పేజీలేమో నిలువువి. అలాంటి షీటును నిలువు పేజీలో పడేస్తే కుడివైపు గళ్లు కాగితం దాటి ఎటో పోతాయి. పోనీ పేజీ అడ్డం తిప్పుదామంటే, తెలియనివాళ్లు చేస్తే నివేదిక మొత్తం అడ్డం తిరిగి కూర్చుంటుంది. ఆవిడ చేసే పద్ధతి వేరు. షీటు పెట్టే చోటుకు ముందొక సెక్షన్ బ్రేక్, అంటే భాగాలను విడదీసే గుర్తు, తరవాత ఇంకొకటి వేసి, ఆ మధ్య పేజీని మాత్రం అడ్డం చేసేది. పైనున్న శీర్షికకూ ముందు పేజీకీ ఉన్న లంకె తెంపేది. పేజీ అంకె ఎక్కడో పక్కకు పోకుండా దాని చోటుకు దాన్ని తెచ్చేది. ఒక్క పేజీ తిరిగేది, మిగతా పుస్తకం ఉలకదు పలకదు. దానికి అరగంట పట్టేది. సరిగ్గా చేస్తే అసలేదైనా చేశారని కూడా ఎవరికీ తెలియని పని అది.

ఒక ఆదివారం ఆవిడ ఆడపడుచూ ఆమె భర్తా భోజనానికి వచ్చారు. తమ్ముణ్ణీ పిలిచారు. ఆడపడుచు కాలేజీలో పాఠాలు చెబుతుంది. అందరూ వాళ్ల వాళ్ల ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటుంటే ఆమె ఉన్నట్టుండి, "అవునొదినా, ఇన్నేళ్లయింది, మీరు ఆఫీసులో అసలేం చేస్తారో నేనెప్పుడూ అడగనేలేదు" అంది.

ఆ ప్రశ్న ఎవరైనా వేస్తారా అని ఆవిడ ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తోంది. చేతిలో గరిటె పక్కన పెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించుకునే లోపు తమ్ముడు అందుకున్నాడు.

"ఏముంది వదినగారూ! ఎండలో తిరిగేది మేము, కొలిచేది మేము, లెక్క కట్టేది మేము. మా అక్క దాన్ని కాపీ కొట్టి పేస్ట్ చేస్తుంది. ఆ తరవాత మార్జిన్ చూసుకుని మురిసిపోతుంది."

అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆవిడ భర్తే నవ్వాడు. ఆవిడా నవ్వి, మంచినీళ్లు తెచ్చే వంకతో లోపలికి వెళ్లింది. వంటగదిలో కుళాయి విప్పి కాసేపలాగే నిలబడింది. నీళ్లు జగ్గు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

వాడు కావాలని అన్నది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. ఊరివాళ్లెవరైనా అంటే పట్టించుకునేది కాదు. ఆ అరగంట పని విలువ తెలిసిన ఒకే ఒక్క మనిషి అన్నాడు.

మంగళవారం ఉదయం తమ్ముడి నుంచి షీటు వచ్చింది. ఊళ్లో పాత గ్రంథాలయం తాలూకుది. ఇరవై మూడు పగుళ్లు, పదకొండు నెలల కొలతలు, పదహారు గళ్లు. తొమ్మిది భవనాల మీద కలిపి ఒక నివేదిక కమిటీకి వెళ్లాలి. దాని పాఠం పై అధికారి గదిలో తయారయ్యేది. అందులో అన్ని భవనాలకూ కలిపి నాలుగు పొడి వాక్యాలుండేవి, "వివరాలకు పట్టిక చూడగలరు" అనే ముక్కతో ముగిసేవి. అసలు సంగతంతా పట్టికల్లోనే ఉండేది. కమిటీ వాళ్లు పట్టికలు చదువుతారు కాబట్టి ఏనాడూ ఇబ్బంది రాలేదు.

షీటు వెనకే ఫోను మోగింది.

"అక్కా, పంపాను చూశావా? కాస్త వెడల్పు ఎక్కువే. పేజీ అడ్డం తిప్పి పెట్టు, కుదించకు. తొమ్మిదో వరస ముఖ్యం. ఎర్ర రంగు వేశాను."

"దానికేముంది, కాపీ కొట్టి పేస్ట్ చేయడమేగా. చేస్తాలే."



"అక్కా, ఆ రోజు నేను..."

"పనుంది, పెట్టేస్తున్నా."

పెట్టేసింది. షీటును బొమ్మలా కాపీ చేసి నిలువు పేజీలో పడేసింది. అది సగం కాగితం బయటికి పోయింది. మూల పట్టుకుని లోపలికి లాగింది. అక్షరాలు చీమలయ్యేదాకా లాగితే పేజీలో పట్టింది. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు.

అది అలాగే పంపాలని ఆవిడ ఉద్దేశం కాదు. నివేదిక గురువారం మధ్యాహ్నం ప్రింటుకు పోతుంది. ఈలోగా ప్రూఫ్ చూసుకోవడానికి తమ్ముడు తప్పకుండా మూడో అంతస్తుకు వస్తాడు. ఎప్పుడూ వస్తాడు. వచ్చి, "ఇదేంటక్కా, ఒక్క ముక్క కనబడటం లేదు" అంటాడు. "అదేరా, నువ్వు చెప్పిన కాపీ పేస్టు" అని తనంటుంది. వాడు నెత్తి గోక్కుంటాడు. అప్పుడు వాణ్ణి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, వాడి కళ్ల ముందే ఆ అరగంట పనీ చేసి చూపిస్తుంది. వాడనే మాటలూ తాననే మాటలూ అన్నీ మనసులో సిద్ధం చేసి పెట్టుకుంది. అంతకుమించి కక్ష ఏమీ లేదు.

బుధవారం తమ్ముడు రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా ఆవిడ తలెత్తి చూసింది.

గురువారం పదకొండింటికి పదిహేడో పేజీ తెరిచింది. మౌస్ మీద చేయి పెట్టింది. ఇంకా గంటన్నర టైముంది. సరిచేసేద్దామనిపించింది. వెంటనే, 'కనీసం ఫోనైనా చేశాడా? అక్క ఎలాగూ చూసుకుంటుందిలే అని ధీమా' అనిపించింది. పంతం గెలిచింది. ఫైలు మూసేసింది. పన్నెండున్నరకు నివేదిక ప్రింటుకు వెళ్లింది. ప్రింటు నలుపు తెలుపుల్లో కాబట్టి తమ్ముడు వేసిన ఎర్ర రంగు కూడా బూడిద రంగులో కలిసిపోయింది.

కమిటీలో ఆరుగురు. పదిహేడో పేజీ దగ్గర ఒకాయన కళ్లజోడు సవరించుకుని, "ప్రింటు బాలేదండీ" అన్నాడట. "అవునవును" అని ఇంకొకరు పేజీ తిప్పారట. గ్రంథాలయం మరమ్మతులు వచ్చే ఏడాది చూడవచ్చని రాసి సంతకాలు చేశారు. నివేదిక వెళ్లిన భవనంలో కొలతలు ఆపేస్తారు కాబట్టి తమ్ముడూ మళ్లీ అటు వెళ్లలేదు. ఇదంతా ఆవిడకు తరవాతెప్పుడో తెలిసింది.

ఏడు వారాలకు, ఒక బుధవారం పట్టపగలు, గ్రంథాలయం వెనక గదిలో కప్పు పెళ్లలు ఊడి పడ్డాయి. అది పాత పుస్తకాలు కుట్టి బైండు చేసే గది. లోపల బైండరు ఒక్కడే ఉన్నాడు. ప్రాణం దక్కింది. కుడిచేయి నలిగిపోయింది.

ఆ కబురు మూడో అంతస్తుకు చేరేసరికి టీ తాగుతున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆవిడ మాత్రం కూర్చునే ఉంది. కాసేపటికి కంప్యూటరులో తమ్ముడు పంపిన అసలు షీటు తెరిచింది. తొమ్మిదో వరస. "బైండింగు గది కప్పు." పదిహేనో గడిలో గడిచిన మూడు నెలల్లో పగులు పెరిగిన లెక్క. పదహారో గడిలో తమ్ముడి మాట: "పెరుగుదల వేగమైంది. గది వెంటనే ఖాళీ చేయించాలి."

ఆ మాట ఆవిడ చదవడం అదే మొదటిసారి. కుదించేటప్పుడు చదవనేలేదు.

విచారణకు బయటి నుంచి ఒక అధికారిణి వచ్చింది. గొంతు ఎత్తని మనిషి. కింది అంతస్తులో సమావేశం గదిలో బల్లకు ఒక పక్క ఆమె, ఎదురుగా తమ్ముడు, పై అధికారి, చివర మార్జిన్ మేడమ్ కూర్చున్నారు. అధికారిణి పదిహేడో పేజీ తెరిచి బల్ల మధ్యకు నెట్టింది.

"దీన్ని భూతద్దం పెట్టినా చదవలేం. ఇలా ఎవరు పెట్టారు?"

ఆవిడ నోరు తెరిచేలోపు తమ్ముడే మాట్లాడాడు.

"షీటు నేనే అలా చిన్నది చేసి పంపానండీ. ప్రూఫ్ చూడాల్సిందీ నేనే. చూడలేదు."

"మీరు పంపిందే ఇలా ఉందా?"

"అవునండీ."

అధికారిణి రాసుకుంది. తరవాత బల్ల చివరకు చూసింది. "మీరేమైనా చెబుతారా మేడమ్?"

తమ్ముడు ఆవిడ వైపు చూడలేదు. తల పైకెత్తి కప్పు మూల చూస్తున్నాడు.

"లేదండీ" అంది ఆవిడ.

ఆ ఒక్క మాట అన్న గొంతు తనదేనా అని ఆ తరవాత చాలాసార్లు అనుకుంది.

తమ్ముణ్ణి భవనాల పని నుంచి తప్పించి పాత దస్తావేజుల గదికి మార్చారు. కిటికీ లేని గది. వరసగా ఇనుప బీరువాలు. అడిగినవాళ్లకు ఫైలు తీసివ్వడం, తిరిగి వస్తే సర్దడం. నెలకు పది భవనాల మెట్లెక్కి దిగే మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఆ గది ఉన్న వసారాలోకి వెళ్లకుండా వెనక మెట్ల మీదుగా రాకపోకలు సాగించింది.

అలా మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం కంచం ముందు కూర్చుని కెలుకుతుంటే భర్త విసుక్కున్నాడు.

"మీ తమ్ముడు తప్పు చేస్తే నువ్వు తిండి మానేయడమేంటి? రేపు నువ్వు మంచం పడితే వాడొచ్చి చూస్తాడా?"

"వాడు తప్పు చేయలేదు."

"మరి?"

చెప్పింది. ఆదివారం భోజనం దగ్గర నుంచి సమావేశం గది దాకా ఏదీ దాచకుండా చెప్పింది.  అంతా విన్నాక భర్త, "ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే కదూ" అన్నాడు.

"అది వదిలేయండి. నవ్వితే కప్పులు కూలవు."

ఆ మధ్యాహ్నమే దస్తావేజుల గదికి వెళ్లింది. తమ్ముడు బీరువా ముందు పీట మీద కూర్చుని ఫైళ్లకు తాళ్లు కడుతున్నాడు. అక్కను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీ తువ్వాలుతో తుడిచి ముందుకు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎందుకురా అలా చెప్పావు?"

"ఎలా?"

"నువ్వు పంపింది పెద్దగానే ఉంది. కుదించింది నేను. నీకు తెలుసు."

"తెలుసు. కప్పు పడ్డాక ప్రింటు చూడగానే తెలిసింది." అతను తాడు ముడి బిగించాడు. "నీకింకా ఎనిమిదేళ్ల సర్వీసుందక్కా. నీకీ పనంటే ఎంత ఇష్టమో నాకు తెలియదా?"

"తెలిసే అన్నావా ఆ మాట అందరి ముందూ?"

అడగకూడదనుకుంటూనే అడిగేసింది. తమ్ముడి చేతులు ఆగాయి.

"అనేశాక నీ ముఖం చూశాను. నువ్వు నవ్వావు కానీ, చిన్నప్పుడు నేను నీ నోటుబుక్కు చింపేసినప్పుడు ఎలా ఉన్నావో అలా ఉన్నావు. ఇంటికెళ్లినా అదే కనబడింది. ఫోనులో చెబుదామంటే పెట్టేశావు. బుధవారం రెండో అంతస్తు దాకా వచ్చాను. మెట్ల మీద నిలబడి, ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలిరా అని వెనక్కి దిగిపోయాను. అక్క ఎలాగూ బాగానే పెట్టి ఉంటుంది, నేను చూడకపోతే ఏమైందని సర్దిచెప్పుకున్నాను."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. తాను మెట్ల వైపు చూస్తూ కూర్చున్న ఆ బుధవారం, వాడు సగం మెట్లెక్కి ఆగిపోయాడు. ఇంకొక్క అంతస్తు.

"ఒక్క మాట అని ఉంటే అయిపోయేదిరా."

"నువ్వైనా ఒక్క మాట తిట్టి ఉంటే అయిపోయేదక్కా."

 వసారాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లారు.

"నేను రాసిస్తాను" అంది చివరికి. "ఆ అధికారిణికి జరిగింది జరిగినట్టు రాసిస్తాను."

"ఇప్పుడా? ఏం లాభం? నీ పేరూ పోతుంది, అంతే."

"పోనీ."

రాసింది. రెండు పేజీల ఉత్తరం. అధికారిణి పిలిపించి, చదివి, "ఆ రోజే చెప్పి ఉండాల్సిందమ్మా" అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించేంత మెల్లగా అంది. ఆవిడను విభాగం పెద్దగా తప్పించారు. సర్వీసు పుస్తకంలో ఒక మచ్చ పడింది. తమ్ముణ్ణి మళ్లీ భవనాలకు పంపుతారని ఆశపడింది కానీ అది జరగలేదు. ప్రూఫ్ చూడకపోవడం నిజమే కాబట్టి, విచారణలో అబద్ధం చెప్పడం కూడా కలిసింది కాబట్టి, అతను ఆ ఇనుప బీరువాల మధ్యే ఉండిపోయాడు. అక్క చెప్పిన నిజం వాడికి మేలు చేయకపోగా రెండో తప్పు తగిలించింది. అతనేమీ అనలేదు. ఆవిడకు అదే ఎక్కువ బాధేసింది.

ఇంకొకటి మిగిలింది. దానికి ధైర్యం కూడగట్టుకోవడానికి మరో నెల పట్టింది.

బైండరు ఒక పాత మేడ మీద రెండు గదుల్లో ఉంటున్నాడు. తమ్ముడు వీధి చివరిదాకా వచ్చాడు. "నేనూ పైకి రానా?" అన్నాడు. "వద్దు. ఇది నేనొక్కదాన్నే చెప్పాలి" అని ఆవిడ మెట్లెక్కింది.

బైండరు భార్య తలుపు తీసింది. లోపల ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గర మనిషి. కుడిచేతికి రెండు వేళ్లు లేవు, బొటనవేలు వంగటం లేదు. ఎడంచేత్తో సూదిలో దారం ఎక్కించడానికి ప్రయత్నిస్తున్నాడు. ఆవిడ నిలబడే మొదలుపెట్టింది. తానెవరో, ఏం పని చేస్తుందో, ఆ పేజీలో ఏం రాసి ఉందో, అదెందుకు ఎవరూ చదవలేకపోయారో చెప్పింది. తమ్ముడి వేళాకోళం సంగతి చెప్పేటప్పుడు అదెంత చిన్న విషయమో తన చెవులకే వినబడి సిగ్గుతో తల వాలిపోయింది.

ఆయన దారం కింద పెట్టాడు.

"గది ఖాళీ చేయించాలని రాశాడా ఆ అబ్బాయి?"

"రాశాడండీ."

"నెలకోసారి వచ్చేవాడు. నిచ్చెన నేనే పట్టుకునేవాణ్ణి." ఎడంచేత్తో సూది పక్కకు జరిపాడు. "ఆ రోజు పొద్దున కూడా పైనుంచి సున్నం రాలింది. అట్ట మీద పడితే ఊదేసి పని చేసుకున్నా. నేను మాత్రం ఎవరికి చెప్పాను?"

"మీకు తెలియదు కదండీ. నాకు తెలుసుకునే అవకాశం ఉండింది. నేను చదవలేదు."

ఆయన భార్య గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది. కూర్చోమని అనలేదు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆవిడకు అదే న్యాయంగా అనిపించింది.

"క్షమించమని అడగడానికి వచ్చారా?" అన్నాడాయన.

"అడిగే ముఖం లేదండీ. చెప్పడానికే వచ్చాను."

ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో వస్తువు చూసినట్టు.

"చెప్పారుగా" అన్నాడు. "విన్నాను."

ఆయన మళ్లీ సూది తీసుకున్నాడు. ఆవిడ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. వెనక తలుపు మెల్లగా మూసుకుంది.

వీధి చివర తమ్ముడు ఒక గోడ నీడన నిలబడి ఉన్నాడు. ఆవిణ్ణి చూసి ఎదురొచ్చాడు.

"ఏమన్నాడక్కా?"

"విన్నానన్నాడు."

"అంతేనా?"

"అంతే."

ఇద్దరూ బస్సు ఆగే చోటుకు నడిచారు. బల్ల మీద ఒక్కరు కూర్చునే చోటే ఉంది. తమ్ముడు చూపిస్తే ఆవిడ తల అడ్డంగా ఊపింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు.